ఇంట్లో పాట రికార్డింగు: పరిమిత ఖర్చులో ఏది ముందు కొనాలి, ఏది వాయిదా వేయాలి

ఒక కీర్తననో, లలిత గీతాన్నో, తాము కట్టుకున్న జానపద బాణీనో ఇంట్లోనే శుభ్రంగా రికార్డు చేసుకోవాలనుకునేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "ఏ మైకు కొనమంటారు?" అని. దానికి జవాబు చెప్పాలంటే ముందు మూడు సంగతులు తెలియాలి: ఏ గదిలో పాడతారు, ఏ నాదాన్ని పట్టుకోవాలి, ఒకేసారి ఎంతమంది పాడతారు లేదా వాయిస్తారు. ఈ మూడూ తేల్చుకోకుండా ముప్పై వేలు పెట్టి కొన్న సామగ్రి కంటే, తేల్చుకుని పదిహేను వేలతో కొన్న సామగ్రి మంచి ఫలితాన్నిస్తుందని నా గట్టి నమ్మకం. అందుకే ఈ పోలికను మైకుతో కాక గదితో మొదలుపెడుతున్నాను.

గదిని ఎంచుకోవడం

మన ఇళ్లలో చాలావరకు స్లాబు, సిమెంటు గోడలు, టైల్స్ లేదా గ్రానైటు నేల ఉంటాయి. ఇవన్నీ ధ్వనిని మింగకుండా తిప్పికొట్టే గట్టి తలాలు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగిన తరువాత కూడా సన్నని లోహపు ఝంకారం వంటిది వినిపిస్తే, ఆ ఝంకారం మీ పాటలోని ప్రతి అక్షరానికీ అంటుకుంటుంది. ఒకసారి రికార్డయిన తరువాత దానిని పూర్తిగా తీసివేయగల సాఫ్ట్‌వేర్ తక్కువ ఖర్చులో దొరకదు.

హాలు కంటే పడకగది మేలు. పరుపు, దిండ్లు, కర్టెన్లు, తలుపులు తెరిచిన బట్టల బీరువా, ఇవన్నీ ధ్వనిని కొంతవరకు పీల్చుకుంటాయి. పొడవు, వెడల్పు సమానంగా ఉన్న గది మాత్రం కొంత ఇబ్బంది పెడుతుంది. పదడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గరా, దానికి రెట్టింపైన 112 హెర్ట్జ్ దగ్గరా ధ్వని పేరుకుంటుంది. రెండు జతల గోడలూ అంతే దూరంలో ఉంటే ఆ పేరుకోవడం మరింత పెరిగి, మగ గొంతులోని మంద్ర స్వరాలు కొన్ని ఉబ్బినట్టు, కొన్ని మాయమైనట్టు వినిపిస్తాయి. గదికి సరిగ్గా నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు జరిగి పాడితే ఈ దోషం చాలావరకు తగ్గుతుంది.

బొంతలు, మందపాటి దుప్పట్లు ఎక్కడ వేలాడదీయాలన్న విషయంలో చాలామంది పొరబడతారు. మైకు వెనుక గోడకు కడతారు గాని, ఇళ్లలో వాడే మైకులు ఎక్కువగా ముందు నుంచి వచ్చే ధ్వనిని పట్టుకుని వెనుక నుంచి వచ్చేదాన్ని తోసిపుచ్చే రకానివి. ఆ మైకు చూసేది గాయకుడి ముఖాన్నీ, ఆ ముఖం వెనుక ఉన్న గోడనూ. కాబట్టి పాడేవారి వీపు వెనుక రెండు బొంతలను గోడకు జానెడు దూరంలో వేలాడదీయడం అన్నిటికంటే ఎక్కువ ఉపయోగం. కోడిగుడ్ల అట్టలు అతికించడం వల్ల ఒరిగేదేమీ లేదు. అంగుళం మందం కూడా లేని స్పాంజి పలకలు పై స్థాయి ధ్వనులను మాత్రమే పీల్చి, గొంతును మొద్దుబారినట్టు చేస్తాయి. వీటిలో ఏదీ వీధిలోని బస్సు హారనును ఆపదు. ప్రతిధ్వనిని తగ్గించడం వేరు, బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపడం వేరు. రెండోది గోడ బరువుకూ తలుపు సందులకూ సంబంధించిన పని, తక్కువ ఖర్చులో తేలేది కాదు. దానికి బదులు వేళను ఎంచుకోవాలి. సీలింగు ఫ్యాను ఆపి, ఫ్రిజ్ మోటారు ఆగే దాకా వేచి ఉండి, పక్కింటి కుక్కర్ కూతలు ముగిశాక, తెల్లవారుజామునో రాత్రి పొద్దుపోయాకో కూర్చోవడమే ఉత్తమం.

ఏదైనా కొనే ముందు, ఫోనునే మీరు పాడే చోట పెట్టి అర నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేసి, హెడ్‌ఫోన్లతో పెద్ద ధ్వనితో వినండి. అందులో ఏమేం వినిపిస్తున్నాయో అవన్నీ రేపు మీ పాట కింద కూడా వినిపిస్తాయి.

నాలుగు దారులు

మొదటి దారి ఫోను. సాధన టేకులకు, బాణీ మరిచిపోకుండా పెట్టుకోవడానికి ఇది చాలు. అయితే ఫోనులో ముందే ఉండే రికార్డరు యాప్ చాలాసార్లు ధ్వని స్థాయిని తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. తార షడ్జం అందుకున్నప్పుడు గొంతును నొక్కి, పల్లవుల మధ్య విరామంలో గది హోరును పైకి లేపుతుంది. ఆ ఆటోమేటిక్ సర్దుబాటును ఆపి, వేవ్ ఫైలుగా రికార్డు చేయనిచ్చే యాప్ వాడితే ఫలితం వెంటనే మెరుగుపడుతుంది.

రెండో దారి యూఎస్‌బీ మైకు. నేరుగా కంప్యూటరుకు తగిలిస్తే చాలు, మరో పెట్టె అక్కరలేదు. ఒక్క గొంతు మాత్రమే రికార్డు చేసేవారికి, మాటలు కూడా ఎక్కువగా రికార్డు చేసేవారికి ఇది సులువు. దీని లోపం విస్తరించలేకపోవడం. రేపు వయొలిన్‌కు రెండో మైకు కావలసివచ్చినప్పుడు, రెండు యూఎస్‌బీ మైకులను ఒకే సాఫ్ట్‌వేరులో కలపడం, ముఖ్యంగా విండోస్‌లో, తలనొప్పి వ్యవహారం. రెండింటికీ వేర్వేరు గడియారాలుండటం వల్ల పాట పొడుగునా అవి నెమ్మదిగా ఒకదాని నుంచి ఒకటి జారిపోతాయి కూడా. శామ్‌సన్ క్యూ2యూ, ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ వంటివి యూఎస్‌బీతో పాటు ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు కేబులు పట్టే) సాకెట్టును కూడా ఇస్తాయి. ఈ దారిలో వెళ్లదలిస్తే ఇలాంటిదే తీసుకోవాలి, ఎందుకంటే తరువాత ఇంటర్‌ఫేస్ (మైకు సంకేతాన్ని కంప్యూటరుకు అందించే పెట్టె) కొన్నా మైకు వృథా కాదు.

మూడో దారి ఆడియో ఇంటర్‌ఫేస్, ఎక్స్ఎల్ఆర్ మైకు. సంగీతమే ప్రధానమైనవారికి నా సిఫారసు ఇదే. ఒక వస్తువు పాతబడినా, చెడినా మిగిలినవి ఉంటాయి. మైకు మార్చుకోవచ్చు, వాద్యం జోడించుకోవచ్చు.

నాలుగో దారి చేతిలో ఇమిడే రికార్డరు. భజన బృందం, కోలాటం, కథకుడితో పాటు ఇద్దరు వంతలుండే బుర్రకథ దళం వంటివాటిని వారున్న చోటికే వెళ్లి పట్టుకోవాలంటే జూమ్ హెచ్1ఎన్ వంటిది ఇంటర్‌ఫేస్ కంటే ఎన్నో రెట్లు నయం. రెండు మైకులు లోపలే ఉంటాయి, 24 బిట్ (ధ్వని స్థాయిని ఎంత సూక్ష్మంగా కొలుస్తుందన్న లెక్క) వరకు రికార్డు చేస్తుంది, కంప్యూటరుకు తగిలిస్తే యూఎస్‌బీ మైకుగానూ పనిచేస్తుంది. దాని తరువాతి తరమైన హెచ్1ఎసెన్షియల్ 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేస్తుంది కనుక గెయిన్ (మైకు సంకేతాన్ని ఎంత పెంచాలన్న అమరిక) సరిచూసుకునే పనే ఉండదు. డప్పు దెబ్బ ఎంత గట్టిగా పడుతుందో ముందుగా తెలియని చోట అది చాలా పెద్ద సదుపాయం.

డైనమిక్ మైకా, కండెన్సర్ మైకా

ఈ ఎంపిక మీదే ఎక్కువ అపోహలున్నాయి కనుక కొంచెం వివరంగా చెప్పాలి. కండెన్సర్ మైకుకు ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబులు ద్వారానే అందే విద్యుత్తు) కావాలి. డైనమిక్ మైకుకు అక్కరలేదు. కండెన్సర్ పంపే సంకేతం బలంగా ఉంటుంది. ఉదాహరణకు, 1966లో వచ్చి నేటికీ వేదికల మీద కనిపించే ష్యూర్ ఎస్ఎం58 డైనమిక్ మైకు కంటే, ఆడియో టెక్నికా ఏటీ2020 కండెన్సర్ మైకు సంకేతం సుమారు 17 డెసిబెల్స్ బలమైనది. అందువల్ల చవక ఇంటర్‌ఫేస్‌లోనూ కండెన్సర్ సుఖంగా పనిచేస్తుంది. డైనమిక్ మైకుకు గెయిన్ బాగా పెంచవలసి వస్తుంది, పెంచినకొద్దీ చవక ఇంటర్‌ఫేస్‌లో సన్నని 'హిస్' పైకి వస్తుంది. యూట్యూబు వీడియోలలో తరచుగా కనిపించే ష్యూర్ ఎస్ఎం7బి మైకుకు 60 డెసిబెల్స్ వరకు గెయిన్ అవసరమవుతుంది. దానిని చూసి ముచ్చటపడి చిన్న ఇంటర్‌ఫేస్‌తో జత చేయాలనుకోవడం తక్కువ బడ్జెట్‌లో తగని ఎంపిక.

"డైనమిక్ మైకు బయటి శబ్దాలను పట్టుకోదు" అని అంతా అంటారు. ఆ మాటలో సగమే నిజం. ఒకే దూరంలో పెట్టి, గొంతు ఒకే స్థాయిలో వచ్చేలా గెయిన్ సరిచేస్తే రెండు రకాలూ గది శబ్దాన్ని దాదాపు ఒకేలా పట్టుకుంటాయి. తేడా వచ్చేది దూరం వల్ల. డైనమిక్ మైకును పెదవులకు రెండంగుళాల దూరంలో వాడతాం, కండెన్సర్‌ను ఎనిమిది అంగుళాల దూరంలో. దూరం సగమైన ప్రతిసారీ నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే ఎనిమిది నుంచి రెండంగుళాలకు వస్తే గది శబ్దం మీద గొంతుకు సుమారు 12 డెసిబెల్స్ ఆధిక్యం దక్కుతుంది. ఇది దూరం ఇచ్చిన లాభమే తప్ప మైకు జాతి ఇచ్చినది కాదు.

దగ్గరితనానికి మూల్యం కూడా ఉంది. ముందు నుంచి వినే మైకుకు మరీ దగ్గరగా పాడితే మంద్ర భాగం అసహజంగా బలపడుతుంది. పైగా శాస్త్రీయ సంగీతం పాడేవారు నిశ్చలంగా కూర్చోరు: తాళం వేస్తారు, తల ఊపుతారు, సంగతి విస్తరించినప్పుడు చేయి ఎత్తి కాస్త వెనక్కి వాలతారు. రెండంగుళాల దూరంలో ఒక్క అంగుళం కదిలితే ధ్వనిలో స్పష్టమైన హెచ్చుతగ్గులు వస్తాయి, ఎనిమిది అంగుళాల దూరంలో అదే కదలిక చెవికి ఆనదు. కాబట్టి కీర్తనలు, పద్యాలు, లలిత సంగీతం పాడేవారు గదిని కాస్త అదుపులో పెట్టుకోగలిగితే కండెన్సర్ తీసుకోవాలి. రద్దీ వీధి పక్కన ఉంటూ గట్టి గొంతుతో జానపదాలో ర్యాపో పాడేవారు, హరికథ చెప్పేవారు డైనమిక్ తీసుకోవాలి. రెంటికీ పాప్ ఫిల్టర్ (నోటి గాలి దెబ్బను ఆపే తెర), కదలని స్టాండు తప్పనిసరి. ప, భ వంటి అక్షరాల గాలి దెబ్బను తరువాత సరిదిద్దడం కంటే, మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు తిప్పి పెట్టడం ఎంతో తేలిక.

వాద్యాల విషయానికి వస్తే వీణకు, వేణువుకు కండెన్సరే తగినది. వీణకు గుర్రానికీ (తీగలు ఆనే వంతెన) చివరి మెట్లకూ మధ్యనున్న చోటును చూస్తూ అడుగు దూరంలో పెట్టాలి; వేణువుకు ఊపిరి తగలకుండా అడుగెత్తున పెట్టాలి. మృదంగానికి కుడి మూతను, ఎడమ మూతను వేర్వేరుగా పట్టుకోవడం ఉత్తమం. ఒక్క మైకే ఉంటే రెండు మూడడుగుల దూరంలో ఎదురుగా పెట్టి, తొప్పి (ఎడమ మూత) గుంకీ, అంటే దాని లోతైన నాదం, వినిపించే దాకా కొద్దికొద్దిగా ఎడమ మూత వైపు జరుపుతూ చూడాలి. నాదస్వరాన్ని చిన్న గదిలో రికార్డు చేయవద్దు. డాబా మీదనో ఆరుబయటనో రికార్డరుతో పట్టుకోండి.

ఇంటర్‌ఫేస్: ఒక ఇన్‌పుట్టా, రెండా

అన్నిటికంటే చవక వాటిలో బెరింగర్ యూఎం2 ఒకటి. అది 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల ధ్వని నమూనాలు, అంటే శాంపిళ్లు) వరకే పనిచేస్తుంది, ఫాంటమ్ పవర్ ఇస్తుంది, నేర్చుకోవడానికి చాలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోకు ఒక మైకు ఇన్‌పుట్, ఒక వాద్యం ఇన్‌పుట్ ఉంటాయి. దాని అన్న స్కార్లెట్ 2ఐ2కు, బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీకి రెండు మైకు ఇన్‌పుట్లు ఉంటాయి. ఇంట్లో పాడేవారు ఒక్కరే అయితే ఒక ఇన్‌పుట్ సరిపోతుంది. గొంతుతో పాటు ఎవరైనా మృదంగం, వయొలిన్ లేదా తబలా వాయించే అవకాశం ఏమాత్రం ఉన్నా మొదటే రెండు ఇన్‌పుట్ల పెట్టె తీసుకోవడం పొదుపు. ఒక ఇన్‌పుట్ పెట్టెను తరువాత అమ్మితే సగం ధర వస్తే గొప్ప.

192 కిలోహెర్ట్జ్ వంటి పెద్ద అంకెల కోసం డబ్బు పెట్టకండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మన అవసరానికి మించిన నాణ్యత. ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు పడుతుంది, గంటకు సుమారు 520. ముఖ్యంగా చూడవలసింది డైరెక్ట్ మానిటర్ సదుపాయం. మీ గొంతు కంప్యూటరులోకి వెళ్లి తిరిగి హెడ్‌ఫోన్లలోకి రావడానికి కొంత ఆలస్యం పడుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (కంప్యూటరు ఒక్కో విడతలో తీసుకునే ధ్వని ముక్క) 1024 శాంపిళ్లు పెడితే ఒక దిక్కుకే 21 మిల్లీసెకన్లు అవుతుంది, పాడటం కష్టమవుతుంది. డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కితే గొంతు కంప్యూటరుకు వెళ్లకుండా నేరుగా చెవికి చేరుతుంది.

హెడ్‌ఫోన్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్పీకర్లను వాయిదా వేయండి. సరిచేయని గదిలో ఖరీదైన స్పీకర్లు కూడా తప్పుడు తీర్పే చెబుతాయి. చెవిని పూర్తిగా మూసే తీగ హెడ్‌ఫోన్లు కావాలి. ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్‌తో మొదలుపెట్టవచ్చు, స్థోమత ఉంటే సోనీ ఎండీఆర్-7506 తీసుకోవచ్చు. బ్లూటూత్‌వి ఆలస్యం వల్ల రికార్డింగుకు పనికిరావు.

సాఫ్ట్‌వేర్

ఆపిల్ కంప్యూటరు గాని ఐఫోను గాని ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, దానితోనే ఏడాది పాటు హాయిగా పని చేయవచ్చు. విండోస్ వాడేవారికి నా సలహా రీపర్. అరవై రోజులు అన్ని సదుపాయాలతో ఉచితంగా పరీక్షించుకోవచ్చు, ఆ తరువాత వ్యక్తిగత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. పాత ల్యాప్‌టాప్ మీద కూడా తేలికగా నడుస్తుంది. ఆడాసిటీ పూర్తిగా ఉచితం, ఒక గొంతును రికార్డు చేసి కత్తిరించడానికి చక్కగా ఉంటుంది, కాని పది ట్రాకుల పాటను, కీబోర్డు స్వరరచనను నడపడానికి అది పుట్టలేదు. బ్యాండ్‌ల్యాబ్ ఫోనులోనూ బ్రౌజరులోనూ నడుస్తుంది. హైదరాబాదులో ఒకరు, డల్లాస్‌లో ఒకరు కలిసి పాట కట్టేటప్పుడు బాగా ఉపయోగపడుతుంది. దొంగ కాపీల జోలికి వెళ్లవద్దు. వాటితో వచ్చే వైరస్‌ల సంగతి అటుంచి, ఇన్ని ఉచిత మార్గాలుండగా ఆ అవసరమే లేదు.

శ్రుతి విషయంలో ఒక జాగ్రత్త

మన సంగీతం పాడేవారికి పాశ్చాత్య సంగీతాన్ని ఉద్దేశించిన సలహాలలో దొరకని విషయం ఇది. చాలామంది తంబూరా యాప్‌ను పక్కన ఫోనులో మోగించుకుంటూ పాడతారు. ఆ తంబూరా నాదం గొంతుతో పాటు మైకులోకి వెళ్తుంది. అప్పుడు రెండో టేకులోని చరణాన్ని మొదటి టేకుకు అతికిస్తే, అతుకు దగ్గర తంబూరా మీటు తెగి, కత్తిరించిన చోటు విన్నవారందరికీ తెలిసిపోతుంది. గొంతు స్థాయి పెంచితే తంబూరా కూడా పెరుగుతుంది.

దీనికి బదులు ముందుగా తంబూరా నాదాన్ని పాట నిడివికి సరిపడా ఒక ప్రత్యేక ట్రాకులో పెట్టుకుని, దానిని హెడ్‌ఫోన్లలో వింటూ పాడాలి. ఒక చెవి మీద హెడ్‌ఫోన్ కాస్త పక్కకు తొలగిస్తే సొంత గొంతు సహజంగా వినిపిస్తుంది. అయితే తొలగించిన వైపు నాదం మైకులోకి కారకుండా ఆ వైపు ధ్వనిని తగ్గించాలి. కీబోర్డో, ముందే చేసిన మరో వాద్యమో కలపదలిస్తే యాప్‌లోని సూక్ష్మ శ్రుతి సరిగ్గా సున్నా దగ్గర ఉందో లేదో చూడండి. అయిదు శ్రుతి అని పెట్టుకున్నా అది కొద్దిగా పైకి జరిగి ఉంటే, 196 హెర్ట్జ్ దగ్గర ఉండవలసిన షడ్జం కీబోర్డుతో కలవక పాటంతా ఏదో ఇబ్బందిగా వినిపిస్తుంది, కారణం మాత్రం పట్టుబడదు.

ఆటోమేటిక్‌గా స్వరాన్ని సరిదిద్దే సాధనాలు పన్నెండు మెట్ల లెక్కన పనిచేస్తాయి. తోడి రాగంలోని గాంధారం ఏ ఒక్క మెట్టు మీదా నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. దానిని సరిదిద్దబోతే గమకమే చదునైపోతుంది. కాబట్టి ఆ సాధనం కోసం డబ్బు ఖర్చు పెట్టేకంటే, ఆ చరణాన్ని మరోసారి పాడటం మంచిది. రికార్డు చేసేటప్పుడు పాటలో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటును ముందుగా పాడి చూసుకుని, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టుకుంటే, తార స్థాయిలో ధ్వని పగిలే ప్రమాదం ఉండదు.

ఖర్చు పంపకం

ఈ సరుకు ఎక్కువగా దిగుమతి అయ్యేది కనుక ధరలు డాలరుతో పాటు మారుతుంటాయి. ఇక్కడ చెప్పేవి స్థూలమైన అంచనాలే. కంప్యూటరు ఇంట్లో ఉందనుకుంటే, పదివేల లోపు ఉన్నవారు యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్ రెండూ ఉన్న డైనమిక్ మైకును, మామూలు తీగ హెడ్‌ఫోన్లను తీసుకుని, మిగిలిందాన్ని స్టాండుకు, పాప్ ఫిల్టరుకు పెట్టాలి. ఇరవై నుంచి పాతిక వేల మధ్య ఉన్నవారు స్కార్లెట్ సోలో స్థాయి ఇంటర్‌ఫేస్, ఏటీ2020 స్థాయి కండెన్సర్, మూసిన హెడ్‌ఫోన్లు తీసుకుంటే చాలా ఏళ్లపాటు మార్చే అవసరం రాదు. అంతకు మించి ఉంటే రెండు ఇన్‌పుట్ల పెట్టెకు, రెండో మైకుకు వెళ్లండి. ఒకే మైకుకు రెట్టింపు ధర పెట్టడం కంటే అది మేలు. ఏడాదికి ఒకటో రెండో పాటలు మాత్రమే చేయదలచినవారు ఏమీ కొనకుండా ఊళ్లోని స్టూడియోను గంటల లెక్కన మాట్లాడుకోవడమే లాభం.

పాత సరుకు కొనేవారు ఎస్ఎం58 వంటి డైనమిక్ మైకులను పెద్దగా భయపడకుండా తీసుకోవచ్చు, అవి మొండివి. కాని వాటికి నకిలీలు చాలా తిరుగుతున్నాయి కనుక బిల్లు ఉన్నవారి దగ్గరే కొనాలి. పాత కండెన్సర్ల డయాఫ్రమ్ తేమకు, దుమ్ముకు పాడవుతుంది, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాలలో. అది పాడైందేమో తెలుసుకోవడానికి నిశ్శబ్దంగా ఉన్న గదిలో గెయిన్ పెంచి, రెండు నిమిషాలు చిటపటలేమైనా వస్తున్నాయా అని వినండి. ఇంటర్‌ఫేస్ అయితే ప్రతి ఇన్‌పుట్‌కూ ఫాంటమ్ పవర్ వేసి కండెన్సర్‌తో పరీక్షించి, నాబ్ తిప్పుతూ గరగర వస్తుందేమో చూసి, యూఎస్‌బీ కేబులును సాకెట్టులో కదిపి చూడాలి. ఆ పరీక్షలో 'గుయ్' మని హోరు వినిపిస్తే వెంటనే వస్తువును తిరస్కరించకండి: ముందు ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి, ఇల్లు ఇన్వర్టరు మీద ఉంటే కరెంటు వచ్చేదాకా ఆగండి. చార్జరు తీయగానే హోరు ఆగితే లోపం ఇంటర్‌ఫేస్‌ది కాదు, ఎర్తింగుది గాని చార్జరుది గాని కావచ్చు. మూడు పిన్నుల సాకెట్టుకు సరైన ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.